అరశాతం మీద పందెం

నా స్నేహితుడికి హెచ్‌ఐవీ ఉందని తెలిసిన మూడో వారంలో నేను వాడికి ఒక వార్త పంపాను. 2013 నాటి మాట. మందులేవీ వాడకుండానే ఇరవై, పాతికేళ్లుగా ఆరోగ్యంగా ఉన్న మనుషుల గురించి అందులో రాశారు. వాడికి కాస్త ధైర్యం చెబుదామనే పంపాను. "చూశావా, అందరికీ ఒకేలా ఉండదట" అని కింద ఒక ముక్క కూడా చేర్చాను. ఆ రాత్రే ఫోన్ చేశాడు. మూడు వారాలుగా గొంతు పెగలని మనిషి గలగలా మాట్లాడాడు. "ఒరేయ్, నేనూ అందులో ఒకణ్ణేమోరా" అన్నాడు. "కావచ్చు, ఎవరికి తెలుసు" అన్నాను.

ఆ మాట పట్టుకుని వాడు ఆరేళ్లు హెచ్‌ఐవీ మందు ముట్టలేదు.

మొదటి రెండేళ్లూ వాడి తప్పేమీ లేదు. అప్పటి పద్ధతే అది. వాడి సీడీ4 లెక్క, అంటే వైరస్ దెబ్బకొట్టే రోగనిరోధక కణాల లెక్క, 610 వచ్చింది. 500 కంటే తగ్గితే మొదలుపెడదాం, అప్పటిదాకా ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకుంటే చాలు అన్నారు డాక్టరు. 2015లో పద్ధతి మారింది. వైరస్ ఉందని తేలితే చాలు, సీడీ4 ఎంత ఉన్నా మందు మొదలుపెట్టాలన్నారు. డాక్టరు పిలిపించి మరీ చెప్పారు. అప్పటికే వాడి లోకం వేరైపోయింది. రెండేళ్లయినా జలుబు కూడా చేయలేదు, కిలో బరువు తగ్గలేదు, రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను, నాకెందుకు మందులు అన్నాడు. తీపి మానేశాడు. ఊపిరి కసరత్తులు చేసేవాడు. ఎవరో ఇచ్చిన పొడి నీళ్లలో కలుపుకుని తాగేవాడు. తన ఆరోగ్యమంతా తన క్రమశిక్షణ చలవే అని గట్టిగా నమ్మాడు. నేనూ నమ్మాను. కళ్లెదుట మనిషి నిక్షేపంలా తిరుగుతుంటే నమ్మక ఏం చేస్తాం?

నేను పంపిన వార్తలో అబద్ధం ఒక్కటీ లేదు. అదే నన్ను ఇప్పటికీ తొలిచే విషయం. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడేది. అలాంటి మనుషులు నిజంగానే ఉన్నారు, వాళ్లమీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది, దాంట్లోంచి గొప్ప సంగతులు బయటపడ్డాయి. కానీ "కొందరు మందు లేకుండానే ఆరోగ్యంగా ఉంటారు" అన్న వాక్యాన్ని పరిశోధకుడు చదివినట్టు రోగి చదవడు. "కొందరు" దగ్గర వాడికి తన మొహం కనిపిస్తుంది. "ఆరోగ్యంగా" అన్న మాటను ఇవాళ్టి తన ఒంటితో పోల్చి చూసుకుంటాడు. ఆ రెండు మాటల్నీ విప్పి చెప్పకుండా ఆ వార్త ఎవరికీ పంపకూడదన్నది నా వాదన.

ముందు "ఆరోగ్యంగా" సంగతి చూద్దాం. హెచ్‌ఐవీ సోకిన మొదటి కొన్ని వారాల్లో చాలామందికి జ్వరం, ఒళ్లునొప్పులు, గొంతునొప్పి వచ్చి పోతాయి. మామూలు జ్వరమే అనుకుంటారు. ఆ తర్వాత ఏమీ ఉండదు. మందు వాడకపోయినా సరే, ఏళ్ల తరబడి ఏమీ ఉండదు. ఎయిడ్స్ దశకు చేరడానికి సగటున ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. కొందరికి రెండు మూడేళ్లలోనే ముదురుతుంది, కొందరికి పదిహేనేళ్లు పట్టొచ్చు. అంటే, వైరస్ సోకిన ఐదేళ్లకు పరుగెత్తగలగడంలో విశేషమేమీ లేదు. ఎక్కువమంది అలాగే ఉంటారు. నా స్నేహితుడు ఐదో ఏట దాన్ని విజయం అనుకున్నాడు. నిజానికది సగటు.

ఆ ప్రశాంతత కూడా పైపైనే. ఆ మధ్యకాలమంతా వైరస్ దాదాపు నిద్రలో ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తలే అనుకునేవారు. 1995 జనవరిలో న్యూయార్క్‌లో డేవిడ్ హో బృందం, అలబామాలో జార్జ్ షా బృందం విడివిడిగా ఒకే సంగతి బయటపెట్టాయి. అప్పుడప్పుడే వచ్చిన కొత్త మందులతో వైరస్ పుట్టుకను ఆపి చూస్తే, రక్తంలో ఉన్న వైరస్ కొద్ది రోజుల్లోనే పడిపోయింది. అంత వేగంగా తరిగిపోతున్నది మామూలు రోజుల్లో తగ్గకుండా నిలకడగా ఉంటోందంటే, అంతే వేగంగా పుడుతూ ఉండాలి కదా. మరుసటి ఏడాది వేసిన లెక్కలో రోజుకు దాదాపు వెయ్యి కోట్ల వైరస్ కణాలు పుడుతున్నాయని తేలింది. ఒంట్లో ఏమీ లేదనుకున్న మనిషిలో, రోజూ. సీడీ4 కణాలు చచ్చిపోతుంటే ఒళ్లు కొత్తవాటిని తయారు చేసి ఆ లోటు పూడుస్తూ ఉంటుంది. చిల్లుకుండలో పైనుంచి నీళ్లు పోస్తూ ఉంటే కొంతకాలం మట్టం కదలదు. పోసే చేయి అలసిపోతున్న సంగతి మట్టాన్ని చూస్తే తెలియదు.

కాబట్టి మందు వాడకుండా ఆరోగ్యంగా కనిపించేవాళ్లలో అత్యధికులు గడువు తీరనివాళ్లు. కటువుగా ఉన్నా ఇంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు. వీళ్లు కాక, జబ్బు చాలా నెమ్మదిగా ముదిరేవాళ్లు నూటికి ఏ నలుగురో ఐదుగురో ఉంటారు. పదేళ్లు దాటినా వాళ్ల సీడీ4 లెక్క 500కు పైనే ఉంటుంది, అయినా రక్తంలో వైరస్ మాత్రం కనిపిస్తుంది. వీళ్లందరినీ పక్కన పెట్టాక మిగిలేవాళ్లే ఆ వార్తలోని మనుషులు. హెచ్‌ఐవీ మందు ఒక్క మాత్రా వేసుకోకుండానే, రక్తంలో మిల్లీలీటరుకు 50 కాపీల కంటే తక్కువ వైరస్ ఉండేవాళ్లు. మందు వాడని సాధారణ రోగిలో ఆ లెక్క వేలల్లో, పదివేలల్లో ఉంటుంది. వీళ్లకు పరిశోధకులు పెట్టిన పేరు ఎలైట్ కంట్రోలర్లు. ఆ ఎలైట్ అన్న మాట నాకసలు నచ్చదు, ఎందుకో తర్వాత చెబుతాను. వైరస్ సోకినవాళ్లలో వీళ్లు ఒక శాతం కూడా లేరు. ఇంచుమించు అరశాతం. రెండువందల మందికి ఒకరు.

నా స్నేహితుడు ఆ రెండువందల్లో ఒకడేమో తేల్చడం కష్టమా? అసలు కాదు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష ఒక్కటి చాలు. 50 లోపు వస్తే ఆలోచించాలి, వేలల్లో వస్తే ఆ కథ అక్కడితో ముగిసినట్టే. వాడు ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ పరీక్షకు వెళ్లలేదు. నేనూ వెళ్లమని అడగలేదు. ఆశ ఉన్నచోట పరీక్షంటే భయం, అంతే.

ఇక ఆ అరశాతం మందిలో ఏం జరుగుతోంది? నాకు ఈ విషయంలో మోజు ఉందని దాచను, లేకపోతే ఆ వార్త చదివేవాణ్ణే కాదు.

బాబ్ మాసీ అనే అమెరికన్ ఉన్నాడు. పుట్టుకతోనే హీమోఫీలియా, అంటే దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు. రక్తం గడ్డకట్టడానికి ఎక్కించుకునే మందు ద్వారానే ఆయనకు హెచ్‌ఐవీ సోకింది. దాచి ఉంచిన పాత రక్త నమూనాలను చూస్తే, అది 1978లోనే జరిగిందని తేలింది. ఆ జబ్బుకు అప్పటికి పేరు కూడా లేదు. 1994లో ఆయన బోస్టన్‌లో బ్రూస్ వాకర్ అనే పరిశోధకుడి దగ్గరికి వెళ్లాడు. పదహారేళ్లుగా ఏమీ కాలేదు, ఎందుకో చూడండి అన్నాడు. చూస్తే, వైరస్‌ను గుర్తుపట్టి మిగతా కణాలను యుద్ధానికి పిలిచే సీడీ4 కణాలు ఆయనలో చెక్కుచెదరకుండా పనిచేస్తున్నాయి. మిగతా రోగుల్లో వైరస్ మొదట్లోనే దెబ్బకొట్టేది సరిగ్గా ఆ కణాలనే. (మాసీ కథలో ఇంకో మలుపు కూడా ఉంది. హెపటైటిస్ సి వల్ల కాలేయం పాడై 2009లో మార్పిడి చేయాల్సి వచ్చింది. గడ్డకట్టించే ప్రోటీన్ తయారయ్యేది కాలేయంలోనే కాబట్టి, కొత్త కాలేయంతో హీమోఫీలియా కూడా పోయింది.)

ఒక్క మనిషిని చూసి సూత్రం చెప్పలేం. వాకర్ బృందం అలాంటివాళ్ల కోసం ప్రపంచమంతా గాలించింది. 2010లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో వైరస్‌ను అదుపులో ఉంచుకున్నవాళ్లు 974 మంది, జబ్బు ముదిరినవాళ్లు 2,648 మంది ఉన్నారు. అందరి జన్యువులనూ పోల్చి చూశారు. తేడా చూపిన చోట్లు మూడువందలకు పైగా దొరికాయి. అవి క్రోమోజోములన్నిటా చెల్లాచెదురుగా లేవు. అన్నీ ఆరో క్రోమోజోము మీద ఒకే పేటలో ఉన్నాయి. హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లను తయారు చేసే జన్యువులు ఉండే చోటది.

అవి చేసే పనేంటంటే: మన ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారయ్యే ప్రోటీన్లను చిన్న ముక్కలుగా కోసి, కొన్నింటిని గుమ్మం బయట పెడుతుంది, లోపల ఏం వండుతున్నానో చూసుకోండి అన్నట్టు. ఆ ముక్కల్ని పట్టి చూపించే పళ్లేలే హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లు. గస్తీ తిరిగే కిల్లర్ టీ కణాలు ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పళ్లెం చూస్తాయి. వైరస్ ముక్క కనబడితే ఆ కణాన్ని అక్కడికక్కడే చంపేస్తాయి. చిక్కేమిటంటే అందరి పళ్లేలూ ఒకే ఆకారంలో ఉండవు. ఏ ఆకారం పళ్లెంలో ఏ ముక్క ఇముడుతుందన్నది పుట్టుకతో వచ్చేది. 2010 అధ్యయనంలో తేడా అంతా చివరికి ఆ పళ్లెం గుంతలో ఉండే కొద్దిపాటి అమైనో ఆమ్లాల దగ్గరికి వచ్చి ఆగింది.

ఏ ముక్క చూపిస్తే ఏమిటి, వైరస్ ముక్కే కదా అనిపించవచ్చు. కానీ హెచ్‌ఐవీ తన నకళ్లను తప్పులతడకగా రాసుకునే వైరస్. దాని రాత పరికరానికి తప్పులు దిద్దే గుణం లేదు. రోజుకు వెయ్యి కోట్లు పుడుతుంటే, అందులో ఏదో ఒకటి మీ టీ కణాలు గుర్తుపట్టే ముక్కను మార్చేసుకుని తప్పించుకుంటుంది. ఇల్లు గలవాడు గోడ రంగు మార్చినా, తలుపు మార్చినా ఇల్లు నిలబడుతుంది. దూలాన్ని మార్చబోతేనే కూలుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బి57, బి27 అనే రకాల పళ్లేల్లో ఇమిడేవి సరిగ్గా దూలం ముక్కలు. వైరస్ జన్యువులను చుట్టి ఉండే గుల్లకు చెందినవి. టీ కణాలు అక్కడ పట్టుకుంటే వైరస్‌కు రెండే దారులు. మారకపోతే చస్తుంది, మారితే కుంటుతుంది. బి57 ఉన్నవాళ్లలో తప్పించుకున్న వైరస్‌ను తీసి ల్యాబులో పెంచితే, అది నిజంగానే నెమ్మదిగా పెరుగుతుంది. 2019లో గౌరవ్ గైహా అనే పరిశోధకుడి బృందం వైరస్ ప్రోటీన్ల నిర్మాణాన్ని ఒక వలలా గీసి, ఏ ముడి తెగితే వల మొత్తం జారిపోతుందో లెక్కకట్టింది. కంట్రోలర్ల టీ కణాలు ఎక్కువగా గురిపెట్టేది ఆ ముడుల మీదే అని తేలింది. ఇంకో విశేషం, బి57 లేకుండానే వైరస్‌ను అదుపు చేసిన కొందరిలో కూడా ఇదే కనిపించింది.

ఇదంతా చదివి, అయితే బి57 ఉంటే చాలన్నమాట అనుకుంటే మళ్లీ నా పాత తప్పే. బి57 ఉండి కూడా ఎయిడ్స్ బారిన పడినవాళ్లు ఎంతోమంది. ఆ రకం జన్యువు ఊరికే వరంలా కూడా రాదు. బి57లో ఒక రకం ఉన్నవాళ్లకు అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందు ప్రాణం మీదికి తెచ్చేంతగా వికటించవచ్చు. అందుకే ఆ మందు ఇచ్చే ముందు జన్యుపరీక్ష చేస్తారు. బి27 ఉన్నవాళ్లకు వెన్నెముక బిగుసుకుపోయే కీళ్లజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ.

కొన్నిసార్లు మనిషి గొప్పేమీ ఉండదు, వైరసే నాసిరకం. ఆస్ట్రేలియాలో సిడ్నీ ప్రాంతంలో ఒక దాత రక్తం 1980ల మొదట్లో కొందరికి ఎక్కించారు. ఆయనకు హెచ్‌ఐవీ ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. విచిత్రంగా, దాతకూ ఆ రక్తం ఎక్కించుకున్నవాళ్లకూ ఏళ్లు గడిచినా ఎయిడ్స్ రాలేదు. 1995లో కారణం దొరికింది. ఆ వైరస్‌లో నెఫ్ అనే జన్యువులో పెద్ద ముక్క ఊడిపోయి ఉంది. కొందరు అప్పుడే ఉత్సాహపడ్డారు, దీన్నే టీకాగా వాడితే ఎలా ఉంటుందని. కానీ 1999 నాటికి ఆ గుంపులో కొందరికి సీడీ4 కణాలు తగ్గడం మొదలైంది. దాతకు కూడా మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది. నెఫ్ లేని కోతి వైరస్‌ను టీకాలా ఇచ్చి చూస్తే కొన్ని కోతిపిల్లలకు ఏకంగా ఎయిడ్సే వచ్చింది. నాసిరకం వైరస్ కూడా ఆగలేదు. ఆలస్యంగా వచ్చింది, అంతే.

సీసీఆర్5 సంగతి చాలామంది వినే ఉంటారు. వైరస్ కణంలోకి దూరే తలుపు అది. ఆ జన్యువు రెండు ప్రతులూ లోపభూయిష్టంగా ఉన్నవాళ్లకు మామూలు హెచ్‌ఐవీ సోకడమే చాలా అరుదు. ఉత్తర యూరప్ మూలాలున్నవాళ్లలో నూటికి ఒకరు అలా ఉంటారు, ఆఫ్రికా, తూర్పు ఆసియా జనంలో దాదాపు కనిపించరు. వాళ్లది వైరస్ సోకకపోవడం. సోకాక అదుపు చేయడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి రాసే వార్తలు కోకొల్లలు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది మాత్రం యుద్ధమే చేయనివాళ్లు. పశ్చిమ ఆఫ్రికాలో సూటీ మాంగబే అనే కోతులున్నాయి. వాటి రక్తంలో హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టమైన వైరస్ కుప్పలు తెప్పలుగా ఉంటుంది. అయినా వాటికి జబ్బు చేయదు. వైరస్‌ను చూసి వాటి రోగనిరోధక వ్యవస్థ రోజూ ఇల్లు పీకి పందిరి వేయదు. అదే వైరస్ రీసస్ కోతులకు ఎక్కితే ఎయిడ్స్ వచ్చి చనిపోతాయి. మనుషుల్లోనూ ఇలాంటిది ఉందని 2016లో దక్షిణాఫ్రికా పిల్లల మీద చేసిన అధ్యయనంలో బయటపడింది. తల్లి నుంచి హెచ్‌ఐవీ వచ్చిన పిల్లల్లో, మందు అందకపోతే, సగంమంది రెండో పుట్టినరోజు లోపే చనిపోతారు. కానీ 170 మంది పిల్లలు మందు లేకుండానే ఐదేళ్లు దాటి, మామూలు సీడీ4 లెక్కతో ఉన్నారు. రక్తంలో వైరస్ మాత్రం వేలకు వేలు. వాళ్ల ఒళ్లు వైరస్‌ను అణచలేదు, దాన్ని చూసి కంగారుపడనూ లేదు. ఎయిడ్స్‌లో మనిషిని కూల్చేది వైరస్ ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి ఆగని రోగనిరోధక వ్యవస్థ హడావిడి కూడా అని ఆ పిల్లలు చూపించారు.

ఇప్పుడు ఎలైట్ అన్న మాట దగ్గరికి వస్తాను. అది గెలిచినవాళ్లకు ఇచ్చే బిరుదులా వినిపిస్తుంది. పై సంగతుల్లో ఎక్కడైనా మనిషి చేసిన పని ఒక్కటైనా ఉందా? ఒకరికి తల్లిదండ్రుల నుంచి వచ్చిన పళ్లెం ఆకారం. ఇంకొకరికి నెఫ్ ఊడిపోయిన వైరస్. మరొకరు ఐదేళ్ల పిల్ల. వీళ్లలో పొద్దున్నే లేచేవాళ్లున్నారు, బారెడు పొద్దెక్కాక లేచేవాళ్లున్నారు. తీపి మానేయడం వల్ల ఆరో క్రోమోజోము మారదు. మంచి తిండి, వ్యాయామం వద్దనడం లేదు. హెచ్‌ఐవీ ఉన్నా లేకున్నా అవి మంచివే. వైరస్‌ను 50 కాపీల కిందికి దించే శక్తి మాత్రం వాటికి లేదు. నా స్నేహితుడు తాగిన పొడి విషయం నేను ఎత్తను. అది ఇచ్చినాయన వాడిని చూపించి ఇంకెంతమందికి అమ్ముకున్నాడో తలచుకుంటే నిద్రపట్టదు. ఎనిమిదేళ్ల గడువున్న జబ్బుకు ఐదేళ్లపాటు ఏం ఇచ్చినా పనిచేసినట్టే ఉంటుంది. ఇంతకంటే సులువైన వ్యాపారం లేదు.

"కష్టపడి అదుపు చేసుకున్నాడు" అన్న పొగడ్తకు వెనకవైపు ఇంకో మాట అతుక్కుని ఉంటుంది. అదుపు చేసుకోలేనివాడు కష్టపడలేదని. జబ్బు ముదిరినప్పుడు నా స్నేహితుడు నాతో మొదట అన్నమాట అదే. "ఎక్కడో నేనే తప్పు చేశానురా, మధ్యలో రెండు నెలలు పరుగు మానేశాను కదా" అన్నాడు. ఊపిరి అందక మంచం మీద ఉండి, పరుగు మానేసినందుకు తనను తాను తిట్టుకున్నాడు.

ఈ పొరపాటు ఒక్క మనిషి దగ్గర ఆగిపోనక్కర్లేదు. ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీ కారణమే కాదని వాదించేవాళ్లకు, మందు లేకుండా ఏళ్ల తరబడి బతికినవాళ్లు ఎప్పుడూ మొదటి సాక్షులు. దక్షిణాఫ్రికాలో దేశాధ్యక్షుడు థాబో ఎంబెకీయే అలాంటివాళ్ల మాటకు చెవి ఒగ్గాడు. అక్కడ మందుల పంపిణీ ఏళ్ల తరబడి వెనకబడింది. ఆ ఆలస్యం వల్ల 2000 నుంచి 2005 మధ్య 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా కట్టారు.

సరే, అసలు సిసలు అరశాతం మనుషుల దగ్గరికే వద్దాం. వాళ్లయినా నిశ్చింతగా ఉన్నారా? రక్తంలో వైరస్ దొరకకపోయినా, దాన్ని అలా తొక్కిపట్టడానికి వాళ్ల ఒళ్లు పగలూ రాత్రీ కాపలా కాయాలి. ఆ కాపలా ఖర్చు రక్తనాళాల మీద పడుతున్నట్టు అధ్యయనాల్లో కనిపించింది. హెచ్‌ఐవీ లేనివాళ్లతో పోలిస్తే వీళ్ల గుండె రక్తనాళాల్లో పూడికలు ఎక్కువ. మందుతో వైరస్‌ను అదుపులో పెట్టుకున్నవాళ్లతో పోల్చి చూసినా, వీళ్లే ఎక్కువసార్లు ఆసుపత్రిలో చేరారని 2015లో అమెరికాలో ఒక పరిశీలన చెప్పింది. కొందరికి ఏళ్లు గడిచాక ఆ అదుపు తప్పిపోతుంది కూడా. వీళ్లకు మందు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ల మధ్య చర్చ. వద్దు అని ఎవరూ తేలిగ్గా తోసిపుచ్చడం లేదు.

మిగతా 99.5 శాతం మంది విషయంలో చర్చకు చోటే లేదు. సీడీ4 బాగున్నప్పుడు మందు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెడితే ఎలా ఉంటుందని స్మార్ట్ అనే పరీక్షలో 5,472 మంది మీద చూశారు. మందు ఆపినవాళ్లలో చావులు, గుండె, కిడ్నీ, కాలేయం జబ్బులు ఎక్కువ కావడంతో 2006లో దాన్ని మధ్యలోనే నిలిపేశారు. తర్వాత స్టార్ట్ అనే పరీక్ష. 35 దేశాలు, 4,685 మంది, అందరికీ సీడీ4 500 పైనే. అంటే అచ్చం నా స్నేహితుడిలాంటివాళ్లు, నిక్షేపంలా తిరుగుతున్నవాళ్లు. సగంమందికి వెంటనే మందిచ్చారు, సగంమందికి సీడీ4 350కి దిగేదాకా ఆగారు. వెంటనే మొదలుపెట్టినవాళ్లలో తీవ్రమైన జబ్బులూ మరణాలూ 57 శాతం తగ్గాయి. 2015లో ఈ సంగతి తేలాకే డాక్టరు వాడిని పిలిపించింది. ఆ ఫలితం కూడా వార్తల్లో వచ్చింది. ఆ వార్త మాత్రం నేను వాడికి పంపలేదు. ఎందుకు పంపలేదంటే నా దగ్గర జవాబు లేదు. మొదటి వార్తంత బాగాలేదేమో చదవడానికి.

మందుకు ఇంకో లాభముంది. వైరల్ లోడ్ గుర్తించలేనంత తక్కువగా నిలిపి ఉంచుకున్నవాళ్ల నుంచి శృంగారం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదు. పార్ట్‌నర్ అధ్యయనాల్లో వేలాది సందర్భాలు లెక్కపెట్టి చూస్తే, అలాంటి మనిషి నుంచి భాగస్వామికి సోకిన సంఘటన ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆరేళ్లూ పెళ్లి మాట ఎత్తితే మొహం తిప్పుకున్న వాడికి ఈ ఒక్క ముక్క ముందే గట్టిగా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఇంత చెప్పాక, అయితే ఇలాంటి వార్తలు రాయకూడదా, చదవకూడదా అని అడుగుతారు. రాయాలి. రేపటి మందు ఈ అరశాతం మందిలోంచే రావచ్చు. ఫ్రాన్స్‌లో విస్కాంటి అనే రోగుల గుంపు ఉంది, 2013లో 14 మంది గురించి ప్రచురించారు. వాళ్లలో ఎక్కువమందికి బి57 గానీ బి27 గానీ లేవు. కానీ వైరస్ సోకిన కొద్ది వారాల్లోనే మందు మొదలుపెట్టారు, కొన్నేళ్లు వాడి ఆపేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వైరస్ తలెత్తలేదు. అంటే పుట్టుకతో రాని అదుపును కొందరికి మందు తెచ్చిపెట్టింది. అదే ఆశతో, పుట్టిన 30 గంటల్లోనే మందు మొదలుపెట్టిన మిసిసిపీ పాప గురించి ప్రపంచమంతా పండగ చేసుకుంది. మందు ఆపాక 27 నెలలు బాగానే గడిచాయి. 2014లో వైరస్ తిరిగి వచ్చింది. పండగ వార్త చదివిన వాళ్లలో ఎందరు ఆ రెండో వార్త కూడా చదివారో నాకు అనుమానమే.

నా స్నేహితుడు ఇప్పుడు బాగున్నాడు. 2019లో విడవని దగ్గు, జ్వరం, చివరికి న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరేనాటికి సీడీ4 140. మందు మొదలుపెట్టిన ఐదు నెలలకు వైరల్ లోడ్ గుర్తించలేనంత తగ్గింది. సీడీ4 మెల్లగా పాకుతూ 420 దాకా వచ్చి అక్కడే తచ్చాడుతోంది. మొదటి రోజు వాడి చేతిలో ఉన్న 610 మళ్లీ కనబడలేదు. అంత కిందికి దిగాక అందరికీ పూర్తిగా కోలుకోవడం కుదరదన్నారు డాక్టరు.

2021 నవంబరులో ఒక రాత్రి వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అర్జెంటీనాలో ఎస్పెరాంజా అనే ఊరి ఆమె గురించిన వార్త. కడుపుతో ఉన్న కొన్ని నెలలు తప్ప ఏళ్లుగా మందు లేదు, 119 కోట్ల రక్తకణాలు వెతికినా, ఆమె కాన్పు తర్వాత మాయలోని 50 కోట్ల కణాలు వెతికినా పనిచేసే వైరస్ ఒక్కటి దొరకలేదట. అంతకు ముందటేడు కాలిఫోర్నియాలో లొరీన్ విలెన్‌బర్గ్ అనే ఆమెలోనూ 150 కోట్ల కణాలు గాలించి ఇదే చెప్పారు. ఆమె గురించి చెప్పిన ఆ అధ్యయనం నాకు గుర్తుంది. మొత్తం 64 మంది ఎలైట్ కంట్రోలర్లను చూస్తే, వాళ్లలో మిగిలిన వైరస్ ఎక్కువగా మన డీఎన్‌ఏలో ఎప్పుడూ చదవబడని మారుమూలల్లో, ఎడారిలో పాతిపెట్టినట్టు ఉందట. అందుబాటులో ఉన్నదాన్నంతా రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి ఏరిపారేస్తే, అది చేరుకోలేని చోట ఇరుక్కున్నది మాత్రం మిగిలిందని పరిశోధకుల ఊహ. నాకు చాలా ఇష్టమైన వార్త అది. వాడికి పంపలేదు.

వాడు పంపినదాని కింద నా మాటే నాకు రాసిపెట్టాడు, "చూశావా, అందరికీ ఒకేలా ఉండదట" అని. ఫోన్ చేతిలో పట్టుకుని ఏం రాయాలో తోచక కూర్చున్నాను. ఈలోగా రెండో మెసేజ్ వచ్చింది.

"టెన్షన్ పడకురా, మాత్ర వేసుకున్నాకే చదివాను."